గంప కింద పిండి

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక్క పేజీ రాయాలంటే పూటంతా పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇది మా కోడలు జాకియాకు జరిగిన సంగతి. తను చెప్పింది చెప్పినట్టే రాశాను.

జాకియాది జగ్గయ్యపేట. ఆవిరి మిషను పెట్టి ఇళ్ళు శుభ్రం చేయడం ఆమె పని. తివాచీలు, సోఫాలు, పరుపులు, వంటింటి గోడల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు, బాత్‌రూములో పలకల సందుల్లో నల్లబడిన మురికి, చీపురుకీ గుడ్డకీ లొంగనిది ఏదైనా సరే ఆవిరికి లొంగుతుందని ఆమె నమ్మకం. భర్త సుభానికి ట్రాలీ ఆటో ఉంది. పని ఉన్న ఇంటి ముందు మిషనునూ ఆమెనూ దింపి, తన కిరాయిలకు పోయి, పని ముగిశాక మళ్ళీ వచ్చి ఎక్కించుకుంటాడు.

ఆమె పనికి ఒక వరస ఉంది. తివాచీ ఆరడానికి నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి ఏ ఇంట్లోనైనా ముందు తివాచీ ఉన్న గదిలోకే వెళుతుంది. ఆవిరి పట్టే ముందు పొడి చెత్తనంతా వాక్యూమ్‌తో పీల్చేస్తుంది. దుమ్ము మీద ఆవిరి తగిలితే బురదవుతుంది, పిండి మీద తగిలితే గంజి అవుతుంది. ఇక నూనె మరకలకు ఆమె దగ్గర ఒక చిట్కా ఉంది. ఫోన్లో పని ఒప్పుకునేటప్పుడే చెబుతుంది: నూనె ఒలికిన చోట ముందురోజే బియ్యప్పిండి చల్లి, ఎవరూ తొక్కకుండా మీద గంపో గిన్నో బోర్లించండి, పిండి నూనెను తాగేస్తుంది, పొద్దున నేనొచ్చి పీల్చేస్తాను అని. పదిమందికి చెబితే ఇద్దరు వింటారు. విన్న ఇళ్ళలో పని సగానికి సగం తగ్గుతుంది.

నందిగామ నుంచి భవానీప్రసాద్ అనే ఆయన ఫోన్ చేశాడు. ఆయన ఉండేది విజయవాడలో. నందిగామలో అక్క ప్రమీలారాణి ఉంటుంది. ఆమె భర్త తిరుపతిరావు పోయి తొమ్మిదిరోజులైంది. పదకొండో రోజు పెద్దకర్మ, పదింటికల్లా చుట్టాలు దిగుతారు, ఆలోపు ఇల్లంతా శుభ్రం కావాలి. బావ మూడేళ్ళు మంచంలో ఉన్న వెనక గదితో మొదలుపెట్టమని, అక్కడి తివాచీ నిండా మందుల వాసనా నూనె మరకలూ ఉన్నాయని, అది చూసినప్పుడల్లా అక్క కూలబడిపోతోందని చెప్పాడు. జాకియా మామూలుగానే పిండి చిట్కా చెప్పింది. ఆయన సరే సరే అన్నాడు. శామియానా వాళ్ళకూ వంటవాళ్ళకూ చెప్పుకునే తొందరలో ఆ మాట ఎవరికీ చెప్పడం మరిచిపోయాడు.

జాకియాకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో ఒక ఆచారం. పెద్దకర్మ ముందురాత్రి, బియ్యప్పిండిని జల్లెడపట్టి నేల మీద పలచగా పరిచి, మీద గంప బోర్లిస్తారు. తెల్లవారాక ఇంటావిడ తలస్నానం చేసి వచ్చి గంప ఎత్తి చూస్తుంది. పోయిన మనిషి ఆ పిండిలో ఏదో ఒక గుర్తు వదిలి వెళతాడని వాళ్ళ నమ్మకం. పక్షి గోరు పడితే పక్షిగా, గిట్ట పడితే పశువుగా, మనిషి పాదం పడితే మళ్ళీ మనిషిగానే పుడతాడంటారు. మామూలుగా అయితే హాల్లో, దీపం దగ్గర పరుస్తారు. భవానీప్రసాద్ కూడా అక్కడే పరిచి ఉంటారనుకున్నాడు. కానీ ప్రమీలారాణి ఒప్పుకోలేదట. ఆయన మూడేళ్ళున్నది వెనక గదిలో, వస్తే అక్కడికే వస్తాడు అని, మంచం తీసేసిన చోట, తివాచీ అంచు పక్కన, నల్లబండల మీద తన చేత్తోనే పరిచి గంప బోర్లించింది.

పదకొండో రోజు పొద్దున ఆరింటికి సుభాని జాకియాను ఆ ఇంటి ముందు దింపాడు. పెరట్లో వంటవాళ్ళు పొయ్యిలు అంటిస్తున్నారు. హాల్లో దూరం నుంచి వచ్చిన చుట్టాలు ఇంకా పడుకునే ఉన్నారు. పటం ముందు దీపం వెలుగుతోంది. జాకియా చప్పుడు కాకుండా ఆ పక్కగా నడిచి వెనక గదిలోకి మిషను దొర్లించుకుపోయింది. పాత ఇల్లు, పాత వైరింగు. మిషను పెట్టి లైటు కూడా వేస్తే మీటరు దగ్గర స్విచ్చి పడిపోతుందని భవానీప్రసాద్ ముందే హెచ్చరించాడు. అందుకని లైటు వేయలేదు. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. రోగి ఉన్న గది కదా, మూడేళ్ళుగా తెరిచినట్టు లేదు. హాల్లోంచి వచ్చే కాస్త వెలుతురుతోనే నీళ్ళు పోసి మిషను వేడెక్కడానికి పెట్టింది.

అది వేడెక్కేలోపు వాక్యూమ్ పట్టుకుని చూస్తే, తివాచీ అంచున గంప బోర్లించి ఉంది. ఒక చేత్తో గొట్టం పట్టుకుని రెండో చేత్తో గంప ఎత్తింది. కింద తెల్లగా పిండి. పర్వాలేదు, మాట విన్నారే అనుకుని మురిసిపోయింది. మురిసిపోయానని చెప్పుకునేటప్పుడే జాకియా ఇప్పటికీ ఏడుస్తుంది. అర నిమిషం పట్టింది అంతే. పిండంతా గొట్టంలోకి పోయి నల్లబండ నల్లబండలాగా తేలింది.

వాక్యూమ్ మోత విని ప్రమీలారాణి స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. తల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. చీర సరిగ్గా చుట్టుకోనైనా లేదు. గుమ్మంలో నిలబడి గంపను చూసింది, బండను చూసింది, జాకియా చేతిలో గొట్టాన్ని చూసింది. తలుపు పట్టుకుని మెల్లగా కిందికి జారి గడప మీద కూర్చుండిపోయింది.

ఆమె వెనకే చుట్టాలు లేచి వచ్చారు. అప్పుడు గానీ జాకియాకు తను చేసిందేమిటో తెలియలేదు. తలొక మాటా అంటుంటే ముక్కలు ముక్కలుగా అర్థమైంది. మిషను వేడెక్కి సన్నగా బుసకొడుతోంది. ఎవరో అది ఆపమన్నారు. జాకియా ఆపింది. చేతులు జోడించి, నూనె కోసం చల్లిన పిండి అనుకున్నానమ్మా, నేనే చల్లమని చెప్పానమ్మా అని చెప్పిందే చెబుతూ నిలబడింది. ఒక పెద్దావిడ, అసలు ఇలాంటి రోజు ముక్కూ మొహం తెలియనివాళ్ళను లోపలికి ఎవరు రానిచ్చారు అంది. ఇంకొకావిడ, ఆ పిల్లకేం తెలుసు పాపం అంది. ప్రమీలారాణి ఇవేవీ విన్నట్టు లేదు.

"నువ్వు చూశావుగా," అంది జాకియాతో. "గంప ఎత్తింది నువ్వేగా. ఏం పడింది?"

జాకియా నోరు తెరిచేలోపు భవానీప్రసాద్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, మిషను తీయాలి రా అమ్మాయ్ అని ఆమెను వరండాలోకి పిలుచుకుపోయాడు. అక్కడ స్తంభం చాటున నిలబెట్టి గొంతు తగ్గించి చెప్పాడు. తప్పు నాది కూడా, నీ మాట ఎవరికీ చెప్పలేదు, నిన్ను ఏమీ అనను. కానీ అక్క నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. ఈ పిండి కోసమే ప్రాణం బిగపట్టుకుని ఉంది. ఇప్పుడు ఏమీ లేదంటే ఆ మనిషి మనకు దక్కదు.

"పాదం చూశానని చెప్పు. మనిషి పాదం. అంతే, ఒక్క మాట."

"నేను చూళ్ళేదండి బాబుగారూ."

"చూళ్ళేదని నాకు తెలుసులేమ్మా. ఆవిడకి తెలియక్కర్లేదు."

జాకియా చిన్నప్పటి నుంచి అబద్ధానికి భయపడే మనిషి. అందులోనూ చచ్చిపోయినవాళ్ళ మీద అబద్ధం. తమ ఇళ్ళలో ఇలాంటి నమ్మకాలు లేవు. ఉన్న నమ్మకమల్లా ఒక్కటే, చెప్పిన ప్రతి మాటకూ పైన లెక్క అడుగుతారని. కానీ ఒక ఆడమనిషి ఆశను చెత్తతో పాటు పీల్చేసింది తనేనాయె. దాన్ని తిరిగి ఇచ్చే దారి ఒక్క మాట దూరంలో ఉందని ఇంటి మనిషే చెబుతుంటే, కాదనడానికి తనకు ఏం హక్కుంది అనిపించింది. ఆ పాపం నా మెడకే చుట్టుకోనీ అనుకుని లోపలికి వెళ్ళింది.

ప్రమీలారాణి అప్పటికి గదిలోకి వచ్చి, పిండి ఉన్న చోట బండ మీద అరచేయి ఆనించి కూర్చుంది. చుట్టాలను ఎవరో బయటికి పంపించారు. భవానీప్రసాద్ మాత్రం గుమ్మంలో నిలబడ్డాడు. జాకియా ఆమె ముందు గొంతుక్కూర్చుని, పాదం పడిందమ్మా, మనిషి పాదం అని చెప్పింది.

ప్రమీలారాణి తల ఎత్తింది. పది రోజుల తరవాత ఆ మొహంలో నెత్తురు కదిలింది. వేళ్ళు పడ్డాయా అని అడిగింది. పడ్డాయి అంది జాకియా. అయిదూనా అని అడిగింది. అయిదూ అంది. ఇక లేద్దామనుకుంటుండగా ప్రమీలారాణి ఆమె చేయి పట్టుకుంది.

"కుడి కాలా, ఎడమ కాలా?"

ఏ కాలో భవానీప్రసాద్ చెప్పలేదు. జాకియా వెనక్కి తిరిగి ఆయన మొహం చూస్తే దొరికిపోతుంది. ప్రమీలారాణి చేయి విడవడం లేదు. ఏదో ఒకటి అనాలి. ఆ క్షణంలో ఆమెకు గుర్తొచ్చింది వాళ్ళ నాన్న నేర్పిన మాట: మసీదులోకి వెళ్ళేటప్పుడు కుడికాలు ముందు పెట్టాలి, బయటికి వచ్చేటప్పుడు ఎడమకాలు. ఇల్లు విడిచి వెళ్ళిపోయే మనిషి ఎడమకాలే కదా ముందు వేస్తాడు అనుకుంది.

"ఎడమ కాలమ్మా."

గుమ్మంలో భవానీప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. ప్రమీలారాణి పట్టు వదిలేసింది. జాకియా చేయి తనంతట తనే కిందికి పడింది.

"అంటే అక్కడ కూడా రాలేదన్నమాట," అంది ప్రమీలారాణి.

ఏమిటి రాలేదో భవానీప్రసాద్ సగం సగంగా చెప్పాడు. తిరుపతిరావుకు మూడేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ప్రమీలారాణి రోజూ పొద్దునొక గంట, సాయంత్రమొక గంట ఆ కుడికాలికి నూనె పెట్టి మర్దనా చేసేది. వస్తుంది, వస్తుంది అని ఆయనకు చెబుతూ చేసేది. ఏ వైద్యుడు కాదన్నా ఆమె కాదనలేదు. తివాచీ మీద మరకలన్నీ ఆ నూనెవే. చివరి నాలుగు నెలలు మాట కూడా పోయింది. అప్పటి నుంచి ఆయన మంచి చేత్తో కుడి మోకాలు మీద తట్టి ఏదో చెప్పబోయేవాడు. నొప్పేమోనని ఇంకా గట్టిగా రాసేది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారేవి. వద్దంటున్నాడో, ఇంకా రాయమంటున్నాడో, ఎందుకే నీ తిప్పలు అంటున్నాడో ఆమెకు ఆఖరి వరకూ తెలియలేదు.

"వచ్చిందో లేదో చూసుకుందామనుకున్నా," అంది ప్రమీలారాణి బండతో మాట్లాడుతున్నట్టు. "కుడికాలు పడితే నా చేతులకి ఫలితం ఉన్నట్టు. లేకపోతే మూడేళ్ళూ ఆయన్ని ఊరికే ఏడిపించినట్టు. తేలిపోయిందిగా."

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, అది పొడిచింది తన చేయేనని జాకియాకు తెలిసిపోయింది. పాపం మెడకు చుట్టుకోనీ అనుకుంది గానీ అది ఇంకొకరి మెడకు చుట్టుకుంటుందని అనుకోలేదు. ఆమె కాళ్ళ మీద పడింది. అమ్మా, నేను చూడలేదు, ఏ కాలూ చూడలేదు, అసలు పిండి తప్ప ఏమీ చూడలేదు, అబద్ధం చెప్పాను అంది.

ప్రమీలారాణి ఆమె భుజం పట్టి లేపింది. కోపం లేదు. అది చూసే భయం వేసింది జాకియాకు.

"జాలిపడి చెప్తున్నావులే."

"కాదమ్మా, అల్లా మీద ఒట్టు."

"అబద్ధమే చెప్పేదానివైతే కుడి అనేదానివి. ఎవరైనా కుడికాలనే అంటారు. శుభం పలకాలనుకున్న మనిషి ఎడమ అంటుందా? ఎడమ అన్నావంటే చూసే అన్నావు."

భవానీప్రసాద్ కూడా దగ్గరికి వచ్చి కూర్చుని, నేనే చెప్పించానక్కా, ఆ పిల్ల చూడలేదంటున్నా వినకుండా నేనే పంపించా అని ఒప్పుకున్నాడు. ఆమె తమ్ముడి వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ఊరుకోరా. చిన్నప్పట్నుంచీ నీది అంతే. ఏడ్చేవాళ్ళ నోట్లో బెల్లం ముక్క పెట్టి పారిపోతావు."

జాకియా మసీదు సంగతి చెప్పింది. లోపలికి కుడికాలు, బయటికి ఎడమకాలు, అందుకే ఎడమ అన్నానని, ఆయనకు కుడికాలు పడిపోయిందని తనకు తెలియనే తెలియదని చెప్పింది. ప్రమీలారాణి శ్రద్ధగా విన్నది. విని, ఇప్పుడు అల్లుకున్నావు గానీ బాగా అల్లుకున్నావు అంది. నవ్వబోయింది కూడా. ఆ నవ్వు చూడలేక భవానీప్రసాద్ లేచి గోడ వైపు తిరిగాడు.

బయట ఎండ ఎక్కుతోంది. వంటవాళ్ళ గిన్నెల మోత, శామియానా కింద కుర్చీలు లాగే చప్పుడు. పురోహితుడు బయల్దేరాడని ఎవరో గుమ్మం దాకా వచ్చి చెప్పి వెళ్ళారు. ప్రమీలారాణి, అన్నం వండించుకుని తినండి, నన్ను పిలవొద్దు అంది. అలాంటి గొంతు జాకియా ఒకసారి విని ఉంది. వాళ్ళ పెద్దమ్మ, కొడుకు పోయినప్పుడు ఇలాగే ఎవరితోనూ తగవు పడకుండా అన్నం మానేసి, ఇరవై రోజుల్లో పోయింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడం అయిపోయింది. ఇక ఎలా కడగాలో జాకియాకు తోచడం లేదు. నిజం చెబితే అబద్ధమంటోంది. ఒట్టు పెడితే జాలి అంటోంది. చూడలేదని ఒక మనిషికి ఎలా చూపించడం? చూసినదానికి సాక్ష్యం ఉంటుంది. చూడనిదానికి ఏం ఉంటుంది? గదంతా కలియజూసింది. మూసిన కిటికీ, ఆపిన మిషను, నేల మీద పడి ఉన్న గొట్టం. ఈ గది మాత్రం చెప్పగలదు అనుకుంది.

లేచి భవానీప్రసాద్‌ను కాస్త బియ్యప్పిండీ జల్లెడా తెప్పించమంది. ఆయన ఎందుకని అడగలేదు. తెచ్చిచ్చాడు. జాకియా ప్రమీలారాణి దగ్గర కూర్చుని, అమ్మా, ఒక్కసారి మీరు గోడ వైపు తిరగండి, నేను పిలిచేవరకూ చూడొద్దు అంది. ప్రమీలారాణి ఎందుకో అడగకుండానే తిరిగింది. ఇక దేనికైనా తిరిగే మనిషిలాగా తిరిగింది.

జాకియా పొద్దున తలుపు ఎంత తెరిచి ఉందో అంతే తెరిచి ఉంచింది. అదే బండ మీద అంతే పలచగా పిండి జల్లింది. కొంగుతో పాదం తుడుచుకుని పిండి మీద ఒక్క కాలు గట్టిగా మోపి తీసింది. మీద గంప బోర్లించింది. తరవాత ప్రమీలారాణిని లేపి, తను పొద్దున నిలబడ్డ చోట నిలబెట్టి, ఎడమ చేతిలో గొట్టం పెట్టింది.

"పొద్దున నేనున్నట్టే ఉన్నారమ్మా మీరు. ఇప్పుడు గంప ఎత్తండి. కుడి కాలో ఎడమ కాలో చెప్పండి."

ప్రమీలారాణి గంప ఎత్తింది. కింద మసక తెలుపు. వంగింది. ఇంకా వంగింది. గొట్టం కింద పెట్టేసి మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు మొహం ఆనేంత దగ్గరగా పెట్టి చూసింది. ఆమె జుట్టులోని నీళ్ళు పిండిలో ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. చాలాసేపు చూసింది.

"తెలియట్లేదు," అంది.

"పాదం పడిందో లేదో అయినా తెలుస్తోందా?"

"లేదు. తెల్లగా ఉంది. అంతే."

"నాకూ అంతే కనపడిందమ్మా. మీరు వెతుకుతూ చూశారు. నేను చెత్త అనుకుని చూశా. ఏం కనపడుద్ది నాకు?"

ప్రమీలారాణి అలాగే వంగి ఉండిపోయింది. వీపు ముందు కదిలింది, తరవాత గొంతు వచ్చింది. పది రోజులుగా లోపల ఎక్కడ పెట్టుకుందో ఆ ఏడుపు, గది దాటి హాల్లోకి, హాలు దాటి పెరట్లోకి వినపడింది. వంటవాళ్ళ గిన్నెల మోత ఆగిపోయింది. భవానీప్రసాద్ దగ్గరికి పోబోతే జాకియా వద్దని చేయి చూపింది. ఏడవనీయండి అంది. తను కూడా గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఎంతసేపటికో ప్రమీలారాణి తేరుకుని మొహం తుడుచుకుంది. ఇంకా పిండి వైపే చూస్తూ అడిగింది.

"అయితే నిజంగా ఏమీ తెలియనట్టేగా? కుడో ఎడమో."

"తెలియనట్టేనమ్మా. నేను పోగొట్టా."

"పోగొట్టావు," అంది ప్రమీలారాణి. క్షమించానని అనలేదు. జాకియా అడగనూ లేదు.

భవానీప్రసాద్ లైటు స్విచ్చి మీద చేయి వేశాడు. జాకియా ఏ కాలు మోపిందో చూద్దామన్న ఆలోచనో, అక్క మొహం చూద్దామనో. ప్రమీలారాణి వెనక్కి తిరగకుండానే, వద్దురా అంది. చేత్తో పిండినంతా కలిపేసింది. కలిపేసి, తుడిచెయ్యమ్మాయ్ అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, తివాచీ కూడా చెయ్యి, మధ్యలో వదిలేసి పోకు అని చెప్పి హాల్లోకి వెళ్ళింది.

జాకియా పిండి పీల్చి, మిషను మళ్ళీ పెట్టింది. తివాచీ మీద ఆవిరి గొట్టం మెల్లగా, ఒక్కో జానెడు మేర లాగుతూ పోయింది. ఆవిరి తగిలినప్పుడల్లా మూడేళ్ళ నువ్వులనూనె వాసన గుప్పున లేచింది. కర్పూరం కలిపిన నూనె కాబోలు, కళ్ళు మండాయి. రెండుసార్లు పట్టినా మంచం పక్క మరక పూర్తిగా పోలేదు. మూడోసారి పట్టలేదు. ఎక్కువ తడిస్తే అడుగు కుళ్ళుతుంది. కిటికీ తలుపులు బలంగా లాగి తెరిచి, ఫ్యాను పెట్టి ఆరనిచ్చింది.

మిషను సర్దుకుంటుండగా హాల్లో మాటలు వినపడ్డాయి. ఊళ్ళోవాళ్ళు వచ్చేశారు. ఎవరో పెద్దావిడ, వచ్చిన దగ్గర నుంచీ అడుగుదామని కాచుకుని ఉన్నట్టుంది, పిండిలో ఏం పడిందే ప్రమీలా అని అడిగింది. జాకియా గొట్టం చుడుతున్నదల్లా ఆగిపోయింది. పిల్ల చెరిపేసిందని చెబుతుందేమో, తన పేరు నందిగామ అంతా తెలిసిపోతుందేమో అని కాదట ఆమె భయం. మళ్ళీ ఎడమకాలు అంటుందేమోనని.

"చూళ్ళేదు పిన్నీ," అంది ప్రమీలారాణి.

"అదేంటే? చూసుకోకపోతే ఎలా తెలుస్తది?"

"తెలియదు."

పెద్దావిడ ఇంకా ఏదో అనబోతే, తెలియకుండానే ఉంటాలే పిన్నీ, నువ్వు కూర్చో అంది. తరవాత వంటవాళ్ళను పిలిచి, ఆయన విస్తరి ముందు వేయమని చెప్పింది. పురోహితుడు పిలిచేసరికి వెళ్ళి కూర్చుంది. అన్నం తిన్నదా లేదా అన్నది జాకియా చూడలేదు. అప్పటికి సుభాని వచ్చి బయట హారన్ కొట్టాడు.

ఆటో ఎక్కాక సుభాని, పని బాగా అయిందా అని అడిగాడు. మరక కొంచెం ఉండిపోయింది అంది జాకియా. హైవే ఎక్కి ఎంత దూరం పోయినా ఆమె వెనక మిషను పక్కనే కూర్చుని, కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉండిపోయిందట. నొప్పా అని సుభాని అడిగితే, ఏమో, తెలియట్లేదు అందట.

షేక్ వలీబీ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చిల్లకల్లులో, చిన్నకూతురు తబస్సుం ఇంట్లో.